మీకు తెలుసా? వెన్ను క్షయ తగ్గినా గూని పెరగొచ్చు

న్యూయార్క్ నగరంలో డాక్టర్ రసెల్ హిబ్స్ 1911లో వెన్నెముక క్షయకు ఓ ఆపరేషన్ గురించి వెల్లడించారు. పక్కపక్క పూసలు ఒకే ఎముకగా అతుక్కునేలా చేయడమే అది. అంతకుముందు పిల్లలను నెలల తరబడి చట్రాలకు కట్టి, పిండికట్లలో పడుకోబెట్టేవారు, పాపం!

ఇప్పుడు చాలామందికి మందులే చాలు. పిల్లల ఎముకల క్షయకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 12 నెలల కోర్సు. మధ్యలో ఆపకూడదు. నయమయ్యాక కూడా ఎదిగే వయసులో గూని ముదరవచ్చు కనుక, ఎదుగుదల పూర్తయ్యేదాకా పరీక్షలు తప్పవు.

కింద పడిన బొమ్మను మీ పిల్లాడు నడుం వంచకుండా, గొంతుక్కూర్చుని తీస్తున్నాడా? నిద్రలో నొప్పితో ఏడుస్తున్నాడా? అవి వెన్ను క్షయ గుర్తులు కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించండి.