కొత్త ఊరి మాట నోటికెలా ఎక్కుతుంది?

అమలాపురం నుంచో నరసాపురం నుంచో ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చిన కుర్రాణ్ణి కొన్ని నెలలు పోయాక గమనించండి. తోపుడుబండి దగ్గర బంగాళాదుంపలు ఆలుగడ్డలైపోతాయి, ఉల్లిపాయలు ఉల్లిగడ్డలవుతాయి. 'మస్తుంది', 'లైట్ తీస్కో' అలవోకగా దొర్లుతుంటాయి. అదే కుర్రాడు ఫోనులో మాత్రం "మా సారు ఇప్పుడే వచ్చిండండి" అంటాడు. తెలంగాణ క్రియకు గోదావరి 'అండి' తగిలించిన ఈ మాట అటు వరంగల్‌లో పెద్దగా వినపడదు, ఇటు రాజోలులోనూ వినపడదు. వలస వచ్చినవాళ్ల నోట్లోనే పుట్టినట్టుంది.

పేర్లు ఇట్టే మారిపోతుంటే క్రియలెందుకు మొండికేస్తాయి?

కూరగాయ పేరు మార్చుకోకపోతే బేరం దగ్గర పని ఆగుతుంది. ఒక పేరు తీసి ఇంకోటి పెట్టుకుంటే చాలు, సరిపోతుంది. చేశాడు–చేసిండు, చేశారు–చేసిన్రు, ఉన్నాడు–ఉన్నడు, పోయాను–పోయిన అనే వరస అలా కాదు. ఒకటి మారిస్తే మొత్తం వరసంతా మార్చాలి, అదీ ఆలోచించకుండా రావాలి. చెప్పాల్సిన విషయం మీద మనసుంటే నాలుక తన పాత దారి తను పట్టుకుంటుంది. కోపమొచ్చినప్పుడు చూడండి, ఎంతటి పాతకాపుకైనా సొంతూరి యాసే తన్నుకొస్తుంది.

ఇది తెలుగువాళ్లకే ఉన్న తంటా కాదు. కెనడా నుంచి దక్షిణ ఇంగ్లండుకు మకాం మార్చిన రెండు కుటుంబాల్లోని ఆరుగురు పిల్లల మాటతీరును పరిశీలించి, జె.కె. చాంబర్స్ అనే భాషావేత్త 1992లో ఒక వ్యాసం రాశారు. అందరికీ ముందు మారినవి పదాలు, ఉచ్చారణ వెనకబడింది. వయసు తక్కువైన కొద్దీ కొత్త యాస బాగా అబ్బింది. అంతకన్నా ఆశ్చర్యం ఫిలడెల్ఫియా పక్కనున్న కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊళ్లో బయటపడింది. అక్కడే పుట్టి పెరిగినా, తల్లిదండ్రులు బయటివాళ్లయితే, ఆ ప్రాంతపు అచ్చు ఒకటి ఏ మాటలో ఎలా పలకాలో ఆ పిల్లలకు పూర్తిగా పట్టుబడలేదని ఆర్విల్లా పేన్ అనే భాషావేత్త గమనించారు. అలాంటప్పుడు కోస్తా నుంచి వచ్చినవాళ్లకు హైదరాబాద్ కూకట్‌పల్లిలో పుట్టిన పిల్లవాడు బడిలో ఒకలా, అమ్మమ్మతో ఇంకోలా మాట్లాడుతుంటే విడ్డూరమేముంది?

అసలు మన తెలుగే ఒకటి కాదు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలికాలను స్థూలంగా నాలుగు ప్రాంతాలుగా విభజించారు: ఉత్తరాంధ్ర, కోస్తా మధ్య జిల్లాలు, రాయలసీమతో కలిసిన దక్షిణం, తెలంగాణ. ఇందులో ఏదీ తక్కిన మూడింటికి తప్పుడు రూపం కాదు. అయినా సినిమాలు చాలాకాలం తెలంగాణ యాసను హాస్యగాళ్లకూ రౌడీలకూ కట్టబెట్టాయి. అందుకే, వచ్చిన వారానికే యాస మొత్తం దించేద్దామని చూసేవాళ్లను స్థానికులు అనుమానంగా చూస్తారు. ఇతను మాట్లాడుతున్నాడా, వెక్కిరిస్తున్నాడా అని. అయితే బయటివాళ్లకు యాస అబ్బదనీ కాదు: 2017లో వచ్చిన 'ఫిదా' సినిమాలో బాన్సువాడ పిల్లగా తన పాత్రకు తనే డబ్బింగ్ చెప్పిన సాయిపల్లవి తమిళనాడు అమ్మాయి. ఆమె నోట్లో అడ్డం పడడానికి ఇంకో తెలుగు లేకపోవడం కలిసొచ్చిందని నా అనుమానం.

మరి ఎలా నేర్చుకోవాలి?

ముందు పనికొచ్చే పేర్లు పట్టుకోండి: పల్లీలు (వేరుశెనగలు), ఎల్లిగడ్డ (వెల్లుల్లి), అంగి (చొక్కా), తొవ్వ (దారి). అమ్మేవాళ్లు ఏ మాటంటే మీరూ అదే తిరిగి అనండి. తర్వాత 'జర' (కాస్త), 'జల్ది' (త్వరగా), 'పైలం' (జాగ్రత్త) లాంటి చిన్న మాటలు. "జర ఆగన్నా" అని ఆటోవాలాను పిలిచారంటే వ్యాకరణం ఎలా ఉన్నా చనువు కుదురుతుంది. క్రియలను మాత్రం బలవంతంగా మార్చకండి. వాటంతటవి వస్తే రానివ్వండి, రాకపోతే కొంపేం మునగదు.

మాటల కంటే మర్యాద దగ్గరే ఎక్కువ తడబడతాం. తెలంగాణ ఊళ్లలో చాలాచోట్ల పెద్దవాళ్లను కూడా 'నువ్వు' అంటారు. అందులో అగౌరవం ఉండదు, 'అన్నా', 'పెద్దమ్మా' అన్న పిలుపులోనే గౌరవమంతా ఉంటుంది. 'మీరు'కు అలవాటుపడ్డ చెవికి అది చురుక్కుమంటుంది. అలాగని వచ్చినవాళ్లు వెంటనే అందరినీ నువ్వనేయడం కూడా కుదరదు. పిలుపూ గొంతూ లేకుండా ఒట్టి 'నువ్వు' అంటే పొగరు కిందే లెక్క.

తిట్టులాంటి ముద్దుమాటలది ఇంకో చిక్కు. 'హౌలే' (తెలివితక్కువవాడా) అని స్నేహితుడు భుజం తడితే నవ్వొస్తుంది, పార్కింగ్ దగ్గర ముక్కూమొహం తెలియనివాణ్ణి అంటే గొడవవుతుంది. ఇలాంటి మాటకు అర్థమొక్కటే అడిగితే చాలదు. ఎవరు ఎవరితో అనొచ్చు, ఇంట్లో పెద్దల ముందు నడుస్తుందా అని కూడా అడగాలి. ఈ సంగతి పక్క సీటు మిత్రుడో చాయ్ బండి అన్నో చెప్పినంత బాగా నిఘంటువు చెప్పలేదు.