వార్తల్లో పదం: మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజమ్

కాలేయంలో ద్రవం నిండిన తిత్తి స్కానింగ్‌లో కనిపించినప్పుడు అది హాని లేని మామూలు నీటితిత్తా, పరాన్నజీవి కట్టిన హైడాటిడ్ తిత్తా, లేక పిత్తనాళాలకు సంబంధించిన కణితా అన్నది తేల్చుకోవడమే రోగనిర్ధారణలో అసలు చిక్కు. పూర్వం బైలియరీ సిస్టాడినోమా అనిపించుకున్న కణితినే 2010 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజమ్‌గా గుర్తించింది. ఎక్కువగా నడివయసు స్త్రీలలో కనిపించే ఈ కణితి గోడలో అండాశయ కణజాలాన్ని పోలిన పొర ఉంటుంది. కొన్ని కాలక్రమంలో క్యాన్సర్‌గా మారతాయి కాబట్టి దీన్ని తేలికగా తీసుకోరాదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి గొర్రెల పెంపకం ఉన్న సీమ ప్రాంతాల్లో వైద్యులు ముందుగా హైడాటిడ్‌ను అనుమానించడం సబబే. కుక్క పేగుల్లో పెరిగే ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు గుడ్లు కలుషితమైన నీటితోనో, కడగని ఆకుకూరలతోనో మనిషి కడుపులో చేరితే, వాటి నుంచి వెలువడిన పిల్లలు కాలేయంలో తిత్తి కడతాయి. అల్ట్రాసౌండ్‌లో పెద్ద తిత్తి లోపల పిల్లతిత్తులు, గోడ నుంచి ఊడి తేలాడే పొర కనిపిస్తే అది దాదాపు హైడాటిడే. అయితే కణితి లోపలా అడ్డుపొరలుంటాయి కనుక పొరబడే అవకాశం ఉంది. అప్పుడు కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే సీటీ, ఎంఆర్ఐలలో గోడకు అంటుకున్న గడ్డలు మెరుస్తున్నాయా, తిత్తికీ పిత్తనాళానికీ దారి ఉందా అని చూడాలి.

తొందరపడి సూది గుచ్చడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే హైడాటిడ్ ద్రవం కడుపులోకి కారితే తీవ్రమైన అలర్జీ ప్రాణం మీదికి తెస్తుంది, వ్యాధి ఇతర చోట్లకూ పాకుతుంది. సీఏ 19-9 రక్తపరీక్ష విలువ మామూలు తిత్తుల్లోనూ పెరుగుతుంది గనుక, కణితి అన్న అనుమానం బలంగా ఉంటే తిత్తిని పూర్తిగా కోసి తీసి, సూక్ష్మదర్శినిలో పరీక్షించాకే మాట ఖాయమవుతుంది.