మట్టిలో జింకు ఎంత? ఏ పద్ధతిలో కొలిచారు?

మన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర సరిహద్దే. ఇక్కడి రైతుకు మడకశిరలో వియ్యంకుడుంటాడు, కళ్యాణదుర్గంలో బావమరిది ఉంటాడు. ముంగారు వానలకు ముందు, శనక్కాయ విత్తే వేళకు, మట్టి పరీక్ష కాగితాలు ఒకరివొకరు చూసుకోవడమూ ఉంటుంది. ఒక కాగితంలో జింకు 55 పి.పి.ఎం. అనీ, మరొక దానిలో 0.4 అనీ ఉందనుకోండి. మొదటి చేను జింకుతో నిండి ఉందనీ, రెండోది వట్టిపోయిందనీ అనిపిస్తుంది. కానీ ఆ రెండు అంకెలూ ఒకే చేని మట్టివి కావచ్చు! అదెలాగో ఈరోజు తెలుసుకుందాం.

పి.పి.ఎం. అంటే కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాముల లోహం ఉందో చెప్పే లెక్క. ప్రయోగశాలలో లోహాన్ని కొలిచే యంత్రాలు సాధారణంగా ద్రావణాన్నే కొలుస్తాయి, మట్టిని కాదు. కాబట్టి ముందుగా మట్టిలోని లోహాన్ని ద్రావణంలోకి దించాలి. ఎంత దిగితే అంతే అంకె.

మన ఎర్రనేలలు చాలావరకు రాతి గుట్టలు అరిగి ఏర్పడినవి. అందులోని లోహం కొంత రాతి రేణువుల లోపలే బిగిసి ఉంటుంది. ఆ రేణువులను పూర్తిగా కరిగించాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. అది గాజును సైతం తినేస్తుంది. అందుకే టెఫ్లాన్ పాత్రలు వాడతారు. ఇది చాలా ప్రమాదకరమైన ఆమ్లం. దీనితో వచ్చేది మొత్తం లోహం.

రెండోది ద్రవరాజం. మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం. ఇది బంగారాన్నే కరిగిస్తుంది, కానీ ఇసుకను కరిగించలేదు. అందువల్ల రాతిలో బిగిసిన లోహం కొంత మిగిలిపోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో ప్రకటించిన 3050బి పద్ధతిలో నైట్రిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి సుమారు 95 డిగ్రీల దగ్గర వేడిచేస్తారు. ఇదీ మొత్తం లోహాన్ని ఇవ్వదు. సీసం, కాడ్మియం వంటివి చేరి నేల కలుషితమైందా అని చూడడానికి ఇలాంటి పద్ధతులు వాడతారు.

మరి పైరు సంగతి? వేరు ఆమ్లంలో ఉడికించి తినదు కదా! అందుకే లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రజ్ఞులు 1978లో డి.టి.పి.ఎ. పద్ధతిని ప్రకటించారు. పది గ్రాముల మట్టిలో ఇరవై మిల్లీలీటర్ల ద్రావణం పోసి, రెండు గంటలు ఊపి, వడగడతారు. వేరుకు అందే జింకుకు ఇది అంచనా. మన దేశంలో దీని ప్రకారం 0.6 పి.పి.ఎం. కంటే తక్కువైతే జింకు లోపమని సాధారణంగా లెక్కిస్తారు.

ఇప్పుడు మొదటి కాగితానికి వద్దాం. 55 అన్నది ఆమ్లంలో ఉడికించిన అంకె, 0.4 అన్నది డి.టి.పి.ఎ. అంకె. తాళం వేసిన గాదెలో వడ్లెన్ని ఉంటే ఏం, చేతికొచ్చినవే కదా వండుకునేది! 55 చూసి నిశ్చింతగా కూర్చున్న రైతు పైరు జింకు లేక గిడసబారవచ్చు. అటు కలుషితమైన నేలను డి.టి.పి.ఎ. అంకెతో మాత్రమే చూస్తే, అపాయం చిన్నదిగా కనిపించవచ్చు.

అందుచేత రైతు సోదర సోదరీమణులారా, కాగితం చేతికి రాగానే పద్ధతి ఏమిటని అడగండి. రైత సంపర్క కేంద్రంలో చూపించి, ఆ పద్ధతికి చెందిన హద్దుతోనే పోల్చమనండి. బంధువుల కాగితంతో పోల్చాలంటే రెండూ ఒకే పద్ధతివై ఉండాలి. ఇంకొక్క మాట. మట్టి తీసేటప్పుడు జింకు పూత పూసిన బకెట్టు వాడకండి. ఆ పూతే మట్టిలో కలిసి లేని జింకును చూపిస్తుంది. ప్లాస్టిక్ బకెట్టు, శుభ్రమైన సంచి చాలు.