పాతపట్నం, పార్వతీపురం: అంతరించిన రెండు లోక్‌సభా నియోజకవర్గాలు

నౌపడా స్టేషనులో రైలెక్కి, టెక్కలి దాటి పర్లాకిమిడి వైపు పయనించేవారికి దారిలో పాతపట్నం తగులుతుంది. భావనపాడు తీరవాసులమైన మనకు అది సుపరిచితమైన ఊరే. అయితే ఆ ఊరి పేరిట ఒకప్పుడు లోక్‌సభా నియోజకవర్గం ఉండేదనీ, తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన మహనీయుడొకరు తొలి లోక్‌సభకు అక్కడినుండియే ఎన్నికైనారనీ మనలో ఎందరికి తెలుసు? ఆ నియోజకవర్గమూ, పార్వతీపురం నియోజకవర్గమూ నేడు లేవు. అవి మిగిల్చిన పాఠం మాత్రం నిలిచియున్నది. దానిని విద్యార్థి సోదరుల ముందుంచడమే మా ఉద్దేశం.

1950లో విశాఖపట్నం జిల్లానుండి శ్రీకాకుళం జిల్లా ఏర్పడినది. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో పాతపట్నం నుండి కాంగ్రెసు అభ్యర్థిగా గెలిచినవారు శ్రీ వరాహగిరి వెంకటగిరి. 1894లో బరంపురంలో జన్మించిన ఆయన పేరుపొందిన కార్మిక నాయకులు. నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖను నిర్వహించినారు. బ్యాంకు ఉద్యోగుల విషయమై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించగా, దానికి సమ్మతించక 1954లో పదవిని త్యజించినారు.

1957 ఎన్నికలనాటికి పాతపట్నం నియోజకవర్గం లేదు. గిరిగారు పార్వతీపురంలో పోటీచేసినారు. అది ద్విసభ్య నియోజకవర్గం. ఆనాడు దేశంలో ఇట్టివి 91 ఉండేవి. వీటినుండి ఇద్దరేసి సభ్యులు ఎన్నికయ్యేవారు. పార్వతీపురంలో ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించబడినది, రెండవది జనరల్ స్థానం. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉండేవి, అయితే రెండింటినీ ఒకే అభ్యర్థికి వేయరాదు. లెక్కింపులో మొదట తెగల అభ్యర్థులలో అధికంగా ఓట్లు పొందినవారికి ప్రత్యేక స్థానం ఇచ్చేవారు. పిమ్మట మిగిలిన అభ్యర్థులందరిలో అధిక ఓట్లు పొందినవారికి జనరల్ స్థానం దక్కేది.

ఆ లెక్కలో ప్రత్యేక స్థానం శ్రీ బి. సత్యనారాయణకు లభించినది. మిగిలినవారిలో ముందున్నవారు గిరిగారు కాదు, గిరిజన అభ్యర్థి శ్రీ డి. సూరిదొర. తేడా 565 ఓట్లు మాత్రమే. దానితో రెండు స్థానాలూ గిరిజనులకే దక్కినవి. గిరిగారు న్యాయస్థానాన్ని ఆశ్రయించినారు. ప్రత్యేక స్థానానికై నామినేషను వేసినవారు జనరల్ స్థానాన్ని పొందవచ్చునా? ఇదియే ప్రధాన ప్రశ్న. వివాదం సుప్రీంకోర్టు వరకూ వెళ్ళినది. పొందవచ్చునని 1959లో ఆ న్యాయస్థానం తీర్పునిచ్చినది. ఓడినవారు మాజీ కేంద్రమంత్రి, నెగ్గినవారు మన కొండప్రాంతపు గిరిజనుడు. గిరిగారు 1969లో రాష్ట్రపతి అయినారు; ఈ ఓటమి వారి ఔన్నత్యాన్ని తగ్గించలేదు.

అనంతరం 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దుచేసినది. పార్వతీపురం ఏకసభ్య స్థానమై, తెగలకు ప్రత్యేకించబడి కొనసాగినది. శ్రీ కిశోర్‌చంద్రదేవ్, శ్రీ శత్రుచర్ల విజయరామరాజు వంటివారు దానికి ప్రాతినిధ్యం వహించినారు. 2008 నాటి పునర్విభజనలో అదికూడా అంతరించి, అరకు నియోజకవర్గం ఏర్పడినది. ఆ విభజనలోనే సోంపేట, హరిశ్చంద్రపురం శాసనసభా స్థానాలు పోయి పలాస వచ్చినది. పాతపట్నం, టెక్కలి నేడు శ్రీకాకుళం లోక్‌సభా నియోజకవర్గంలోని భాగాలు.

ఈ చరిత్ర మైనారిటీ కళాశాల విద్యార్థులమైన మనకు ఏమి చెప్పుచున్నది? చట్టసభలలో మతపరమైన మైనారిటీలకు ప్రత్యేక స్థానాలుండాలన్న ప్రతిపాదనను రాజ్యాంగసభ 1949లో విరమించినది. కనుక మనకు ప్రత్యేకించిన స్థానమంటూ లేదు. జనరల్ స్థానమంటే ఇతరుల స్థానమని భావించి మనలో కొందరు వెనుకంజ వేయుచున్నారు. ఆ భావన సరికాదు. జనరల్ అనగా అందరిదీ అని పార్వతీపురం తీర్పు చాటినది. ప్రత్యేక స్థానం బలహీనునికి ఊతమే గాని, అతనిని బంధించే గోడ కాదు. ఆ ఊతం లేనివారికి ఓటే ఊతం.

1989 నుండి 18 ఏళ్ళు నిండినవారందరికీ ఓటుహక్కు ఉన్నది. 565 ఓట్లు ఒక మహానాయకుని గెలుపోటములను నిర్ణయించినవి. అంతమంది ఓటర్లు రెండు మూడు చిన్న పల్లెలలోనే ఉంటారు. నియోజకవర్గాల హద్దులు మారవచ్చును, పేర్లు చెరిగిపోవచ్చును. ఓటర్ల జాబితాలో మీ పేరు ఉన్నదో లేదో చూసుకొనవలసిన బాధ్యత మాత్రం మీదే.