ఉప్పెన నేర్పిన పాఠం.. కొలువుకూ దారి!

1977 నవంబరు 19. కృష్ణా పాయల మధ్య దీవిలా ఉండే దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. తీర గ్రామాల్లో మట్టి గోడలు, తాటాకు కప్పులు నిలవలేదు. వేలమంది చనిపోయారు. తలదాచుకుందామంటే చాలా ఊళ్లలో పక్కా భవనమే లేదు!

తర్వాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు పక్కా ఇళ్లు కట్టించాయి. తుపాను షెల్టర్లూ వచ్చాయి. నీళ్లు కింద నుంచి పోయేలా స్తంభాలు, పైన గదులు, మిద్దె దాకా మెట్లు. మామూలు రోజుల్లో ఊరి అవసరాలకు, తుపాను రోజున ఊరందరికీ ఇల్లు.

ఇలాంటివి కట్టాలని ఉందా? సివిల్ ఇంజినీరింగ్ ఒక దారి. ఆర్కిటెక్చర్, ప్లానింగ్ అయితే విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. బీఆర్క్, బీప్లానింగ్ సీట్లకు జేఈఈ మెయిన్ పేపర్-2 రాయాలి. విపత్తు నిర్వహణ వైపు వెళ్లాలనుకుంటే, గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ప్రాంగణం ఉంది.

ఒక్కటి మరవొద్దు. షెల్టర్ ఎంత గట్టిదైనా దారి మునిగితే ముసలివాళ్లు చేరలేరు. తాళం ఎవరి దగ్గరుందో తెలియకపోతే తలుపు తెరుచుకోదు. అందుకే డ్రాయింగ్ మొదలుపెట్టే ముందు ఊళ్లోకి వెళ్లి, అక్కడివాళ్లనే అడగండి.