పెట్టె బరువు 3 కిలోలు.. కొరియర్ బిల్లు 6 కిలోలకు! విదేశాలకు పూతరేకులు పంపేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క ఇదే

అమెరికాలో ఉన్న అమ్మాయికో, దుబాయ్‌లో ఉన్న అబ్బాయికో ఆత్రేయపురం పూతరేకులు పంపుదామని కొరియర్ ఆఫీసుకు వెళ్తే చాలామందికి ఒకటే షాక్. కాటా మీద పెట్టె 3 కిలోలే తూగుతుంది. బిల్లు మాత్రం 6 కిలోలకు వస్తుంది. కాటాలో ఏదో తేడా ఉందని కౌంటర్ దగ్గర గొడవ పడేవాళ్లూ ఉన్నారు. కానీ కాటా కరెక్టే. పెట్టె బరువుతో పాటు దాని సైజుకు కూడా కంపెనీలు ఒక బరువు కడతాయి. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. ఈ ఒక్క లెక్క ముందే తెలిస్తే బిల్లు బాగా తగ్గించుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

పూతరేకుకే ఈ చిక్కు ఎందుకు?

డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో పూతరేకుల తయారీ ఇంటింటి పని. పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద అలా ఒక్కసారి లాగుతారు. క్షణాల్లో కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. దానికి నెయ్యి రాసి, పంచదార పొడి లేదా బెల్లం, యాలకులు, జీడిపప్పు వేసి మడత పెడతారు. ఈ స్వీటుకు 2023లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది.

పొరకీ పొరకీ మధ్య ఉండే ఖాళీయే పూతరేకు ప్రత్యేకత. నోట్లో పెట్టగానే కరిగిపోయేది అందుకే. కొరియర్ దగ్గరకొచ్చేసరికి అదే ఖాళీ ఖరీదైపోతుంది. పైగా నలిగిపోకుండా చుట్టూ బబుల్ షీట్లు, థర్మోకోల్ పెట్టాలి. పెట్టె పెరుగుతుంది కానీ బరువు పెరగదు. అంటే కట్టే డబ్బులో సగం గాలికే పోతోందన్నమాట.

వాల్యూమెట్రిక్ వెయిట్.. లెక్క ఇలా వేస్తారు

విమానంలో జాగా తక్కువ. బరువు లేని పెద్ద పెట్టె కూడా ఆ జాగాను ఆక్రమిస్తుంది. అందుకే అంతర్జాతీయ కొరియర్ కంపెనీలు వాల్యూమెట్రిక్ వెయిట్ అనే లెక్క పెట్టుకున్నాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణిస్తారు. వచ్చిన దాన్ని 5000తో భాగిస్తారు. డీహెచ్‌ఎల్, ఫెడెక్స్ లాంటి పెద్ద సంస్థలు వాడేది ఈ 5000 లెక్కే. ఎయిర్ కార్గోలో సాధారణంగా 6000తో భాగిస్తారు.

ఉదాహరణకు పెట్టె 40 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. ఎత్తు ఉందనుకుందాం. గుణిస్తే 30,000. 5000తో భాగిస్తే 6 కిలోలు. లోపల 3 కిలోల పూతరేకులే ఉన్నా బిల్లు 6 కిలోలకే. అదే సరుకును సర్ది ఎత్తు 15 సెం.మీ.కు తగ్గించగలిగితే లెక్క 3.6 కిలోలకు దిగుతుంది. చాలా కంపెనీలు పై అర కిలోకు రౌండ్ చేస్తాయి కాబట్టి 4 కిలోలకు బిల్లు పడుతుంది. సరుకు అంతే, ఊరు అదే. తగ్గింది పెట్టె ఎత్తు ఒక్కటే.

అందుకే షాపులో ఇచ్చిన పెద్ద పెట్టెను అలాగే తీసుకెళ్లొద్దు. సరుకుకు సరిపడా కోసిన పెట్టె అడగండి. ప్యాక్ చేశాక పక్కలు ఉబ్బితే కొలత ఉబ్బిన చోట తీసుకుంటారు. ఇంట్లోనే టేపుతో కొలుచుకుని, లెక్క వేసుకుని వెళ్తే కౌంటర్ దగ్గర షాక్ ఉండదు.

ఖాళీ బరువును వాడుకోండి

6 కిలోలకు డబ్బు కడుతున్నప్పుడు 3 కిలోలే పంపడం ఎందుకు? అదే పెట్టెలో సగం జాగాను కందిపొడి, కారప్పొడి, వడియాల పిండి లాంటి బరువైన వాటికి ఇస్తే సరి. సగం పెట్టెలో కిలోన్నర పూతరేకులు, మిగతా సగంలో నాలుగున్నర కిలోల పొడులు. మొత్తం 6 కిలోలు. బిల్లు మారదు, వెళ్లే సరుకు రెట్టింపు. అయితే బరువైనవి అడుగున, పూతరేకుల డబ్బా పైన ఉండాలి. మధ్యలో గట్టి అట్ట తప్పనిసరి.

ఇంకో దారి.. ఇద్దరు ముగ్గురు కలిసి పంపడం. చాలా కంపెనీల్లో మొదటి అర కిలో రేటే ఎక్కువ. తర్వాత పెరిగే కొద్దీ కిలోకు పడే ఖర్చు తగ్గుతుంది. ఒకే ఊళ్లో ఉన్న పిల్లలకు విడివిడిగా మూడు పెట్టెలు పంపే బదులు ఒకటే పంపితే అక్కడ వాళ్లు పంచుకుంటారు.

మనిషి వెళ్తుంటే లెక్క తిరగబడుతుంది

ఎవరైనా విమానం ఎక్కుతున్నారా? అయితే రూల్ వేరు. చెక్-ఇన్ బ్యాగేజీకి వాల్యూమెట్రిక్ లెక్క ఉండదు. అసలు బరువు, బయటి కొలతల మొత్తం.. ఈ రెండే చూస్తారు. ఇండియా నుంచి అమెరికా వెళ్లే ఎకానమీ టికెట్లలో ఎక్కువ వాటికి 23 కిలోల చొప్పున రెండు బ్యాగులు ఇస్తారు. ఒక్కో బ్యాగు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెం.మీ. దాటకూడదు.

ఇప్పుడు ఈ తేడా చూడండి. 60, 50, 48 సెం.మీ. కొలతలున్న పెట్టె సరిగ్గా 158 లోపే ఉంటుంది. ఇదే పెట్టె కొరియర్‌లో వేస్తే లెక్క 28.8 కిలోలు. లోపల 12 కిలోలే ఉన్నా అంత బిల్లూ కట్టాల్సిందే. బ్యాగేజీలో అయితే అది మామూలు బ్యాగే, ఇంకా 11 కిలోలు మిగులే!

కాబట్టి సింపుల్ రూల్. బరువు లేకుండా జాగా తినేవి మనిషితో పంపండి. చిన్నగా ఉండి బరువు తూగేవి కొరియర్‌లో వేయండి. చాలా ఇళ్లలో దీనికి రివర్స్‌లో జరుగుతుంది. పచ్చళ్లు, పొడులు, పుస్తకాలతో 23 కిలోలూ నింపేసి, పూతరేకులు తర్వాత కొరియర్‌లో పంపుతారు. అక్కడే డబ్బు పోతోంది.

ఒక జాగ్రత్త. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు విడిగా డొమెస్టిక్ టికెట్ తీసుకుంటే ఆ విమానానికి డొమెస్టిక్ లిమిటే వర్తిస్తుంది. ఇండిగోలో అది మామూలుగా 15 కిలోలు. 46 కిలోల సామానుతో వెళ్తే మిగతా 31 కిలోలకు అదనంగా కట్టాలి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే సాధారణంగా అంతర్జాతీయ లిమిటే ఇస్తారు. లేదంటే శంషాబాద్ వరకు రైలో, బస్సో మేలు.

ఒట్టి రేకులు పంపితే ఎలా?

ఆత్రేయపురం షాపుల్లో మడత పెట్టని ఒట్టి రేకులు కూడా దొరుకుతాయి. ఇవి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి కాబట్టి మధ్యలో గాలి తక్కువ. నెయ్యి, పంచదార, జీడిపప్పు ఏ దేశంలోనైనా కొనుక్కోవచ్చు. కుండ మీద తీసిన రేకే అక్కడ దొరకనిది. మరి దొరకనిది మాత్రమే పంపితే చాలు కదా! తినేముందు రేకు మీద తడి చెయ్యి అలా ఆనిస్తే మెత్తబడి మడతకు వస్తుంది. కాకపోతే ఒట్టి రేకు తేమకు, ఒత్తిడికి తట్టుకోదు. గాలి చొరబడని కవర్‌లో పెట్టి, రెండు వైపులా గట్టి అట్ట వేసి సీల్ చేయాలి.

పోస్టాఫీసును మర్చిపోవద్దు

తపాలా శాఖకు విదేశీ స్పీడ్ పోస్ట్ ఉంది. ఇందులో రేట్లు ప్రధానంగా బరువు శ్లాబుల మీద ఉంటాయి. తేలికైన పెట్టెకు ప్రైవేటు కొరియర్ కన్నా ఇది కలిసొచ్చే అవకాశం ఎక్కువ. సైజు పరిమితి, రోజులు ఎన్ని పడతాయన్నది కౌంటర్‌లో అడగాలి. ఐడీ ప్రూఫ్, కస్టమ్స్ ఫారం తప్పనిసరి. ఫారంలో ఉత్తినే స్వీట్స్ అని వదిలేయకుండా బియ్యప్పిండి రేకులు, పంచదార, నెయ్యి అని వివరంగా రాయండి.

అమెరికాకు పంపేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. ఆ గందరగోళంలో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికా పార్శిళ్లు ఆపి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లే 100 డాలర్ల లోపు గిఫ్టులకు మాత్రం అప్పుడు మినహాయింపు కొనసాగించారు. షాపు నుంచి నేరుగా బిల్లుతో వెళ్తే అది గిఫ్టు కాదు, అమ్మకం. సుంకాలు తరచూ మారుతున్నాయి కాబట్టి పంపే రోజు రేటు కనుక్కున్నాకే బుక్ చేయండి.

ఏ దేశం రూల్ ఆ దేశానిదే

ఖర్చు తగ్గించుకున్నా అక్కడ కస్టమ్స్‌లో ఆపేస్తే మొత్తం దండగే. యూరోపియన్ యూనియన్ దేశాలు, బ్రిటన్.. ఇండియా నుంచి వచ్చే ప్రయాణికులను నెయ్యి సీసా లాంటి పాల పదార్థాలు తేనివ్వవు. ఆస్ట్రేలియాలో తినే వస్తువు ఏది తెచ్చినా కార్డులో డిక్లేర్ చేయాల్సిందే. దాస్తే జరిమానా పడుతుంది. అమెరికాలోనూ ఆహార పదార్థాలు చెప్పకుండా తీసుకెళ్తే ఫైన్ వేస్తారు. చెబితే పోయేదేమీ లేదు. మహా అయితే వస్తువు తీసుకుంటారు.

క్యాబిన్ బ్యాగులో పూతరేకులు పెట్టుకుంటే నలగవు. కానీ నెయ్యి 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో కుదరదు. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులకు అదనపు తనిఖీ ఉంటుంది. పొడులన్నీ చెక్-ఇన్‌లోనే పెట్టడం మంచిది.

వీణకైనా, సర్ఫింగ్ బోర్డుకైనా ఇదే సూత్రం

ఈ ఇబ్బంది పూతరేకులతో ఆగదు. సుమారు నాలుగడుగుల బొబ్బిలి వీణకు పెట్టె కడితే 158 సెం.మీ. దాటిపోతుంది. తెరచాప కట్టి నీళ్ల మీద నడిపే విండ్ సర్ఫింగ్ బోర్డుకైతే మరీ కష్టం. 250, 70, 25 సెం.మీ. సంచిలో పెడితే కొరియర్ లెక్క 87.5 కిలోలు! అసలు బరువు అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. ఇలాంటివి కొరియర్‌లో వేయకూడదు. క్రీడా సామగ్రికి, వాద్యాలకు ఎయిర్‌లైన్స్ దగ్గర వేరే రేట్లు ఉంటాయి. టికెట్ కొనేముందే ఫోన్ చేసి బుక్ చేసుకోవాలి. తొందర లేకపోతే ఓడలో పంపొచ్చు. అక్కడ ఘనపు మీటర్ల లెక్క కాబట్టి పెద్ద వస్తువుకు చౌక. కానీ వారాలు పడుతుంది. పాడయ్యే స్వీట్లకు ఆ దారి పనికిరాదు.

తయారు చేసేవాళ్లకూ ఇది అవసరమే

పంపే ఖర్చు స్వీటు ధరను మించిపోతే విదేశీ ఆర్డర్ రెండోసారి రాదు. ఆ నష్టం పొద్దుటి నుంచి పొయ్యి ముందు కూర్చుని రేకులు తీసే ఆడవాళ్ల కూలి మీద పడుతుంది. కాబట్టి ఎగుమతి కోసం బల్లపరుపుగా, ఎత్తు తక్కువగా ఉండే పెట్టెలు చేయించుకోవడం వాళ్లకూ లాభమే. సొంతంగా ఎగుమతి చేయాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సుతో పాటు డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ నంబర్ కావాలి. దీనికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. చిన్న వ్యాపారులకు కాగితాల పనిలో సాయపడేందుకు తపాలా శాఖ దేశవ్యాప్తంగా డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు నడుపుతోంది.

పంపేముందు ఇవి ఒక్కసారి చూసుకోండి

ప్యాక్ చేశాక మూడు కొలతలూ తీసి 5000తో భాగించండి. కాటా బరువుతో పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే పెట్టె తగ్గించండి, లేదా బరువైనవి కలపండి. కనీసం రెండు కొరియర్లు, ఒక పోస్టాఫీసు రేటు అడగండి. ప్యాకెట్ మీద తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు తినాలో చూసి, చేరడానికి పట్టే రోజులు తీసేయండి. నెల్లోపు ఎవరైనా తెలిసినవాళ్లు ప్రయాణమవుతుంటే పూతరేకులు వాళ్ల చేతికివ్వండి. పచ్చడి జాడీలు మాత్రం కొరియర్‌కే వదిలేయండి.