చిత్రమునకు పునాది - కాన్వాసు

అవిసె మొక్క యొక్కటే చిత్రకారునకు రెండు వస్తువుల నిచ్చుచున్నది. దాని కాడనారతో నేసిన బట్టపై అతడు చిత్రమును వ్రాయును; దాని గింజలనుండి తీసిన నూనెలో రంగులను నూరుకొనును. అయినను ఈ తోబుట్టువులకు పొత్తు కుదరదు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడునపుడు అందులో ఆమ్లములు పుట్టును. ఆ నూనె సూటిగా బట్టలోనికి ఇంకినచో కాలక్రమమున నార పెళుసెక్కి చినుగును. నూలుబట్టకును ఇదే గతి. నెలల తరబడి పడిన శ్రమ అట్లు వ్యర్థమగును. చినిగిన చిత్రమును బాగుచేయుట నిపుణులకును కష్టము. రంగు తాకక మునుపే జాగ్రత్తపడుట ఎవరికైనను సులభము. అందుచేత తైలవర్ణచిత్రముల నభ్యసించువారికై, కాన్వాసును ఇంటనే సిద్ధపరచుకొను విధానమును ఇచట వివరింతుము.

ఐరోపాలో తొలుత ఇట్టి చిత్రములను ఎక్కువగా చెక్కపలకలపై వ్రాసెడివారు. బట్టను విరివిగా వాడుకలోనికి తెచ్చినవారిలో 16వ శతాబ్దపు వెనిస్ నగర చిత్రకారులు ముఖ్యులు. సముద్రపు తేమకు అచట గోడలపై వ్రాసిన చిత్రములు చెడుచుండెడివి. ఓడల తెరచాపలకై నేసిన బట్ట మాత్రము సమృద్ధిగా దొరకెడిది. మన తెలంగాణములోని చేర్యాల నకాషీ చిత్రకారులును బట్టపైననే వ్రాయుదురు. వారు ఖద్దరుబట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూతలుగా పూసి, ఒక్కొక్క పూత ఆరిన పిదప మరియొకటి వేయుదురు. ఆ కథాపటము చుట్టచుట్టుటకు ఉద్దేశింపబడినది గాన దానికి చట్రము లేదు. తైలవర్ణమునకు చట్రము కావలెను. ఏలయన, ఎండిన నూనెరంగు మడతను, ఊగులాటను ఓర్వజాలదు.

చట్రమునకు బాగుగా ఆరిన టేకుబద్దలు మేలు. పచ్చికర్ర ఆరునపుడు వంకరపోవును. బద్దల కొనలను 45 డిగ్రీల వాలుగా కోసి కూర్పవలెను. ఎదురెదురు బద్దల పొడవులు సమానముగా నుండగా, ఎదురెదురు మూలల నడిమి దూరములను త్రాడుతో కొలిచి చూడుడు. ఆ రెండును సమానమైనచో చట్రము సరిగా కుదిరినట్లే. ముందువైపున బద్దలను లోపలికి ఏటవాలుగా చిత్రిక పట్టవలెను. లేనిచో బట్ట కర్రకు తగిలి, ఆ అంచు గీతయై చిత్రముపై తేలును. ఏ వైపైనను మూడడుగులు మించినచో నడుమ అడ్డబద్ద వేయుట మంచిది.

బట్ట దట్టముగా, ముళ్లు లేనిదై యుండవలెను. చట్రముకంటె నలువైపుల రెండు మూడంగుళములు ఎక్కువగా కత్తిరించి, పడుగు పేకలు బద్దలకు సమాంతరముగా నుండునట్లు పరవవలెను. తుప్పుపట్టని రాగిమేకులు శ్రేష్ఠము. ఒక మూలనుండి మొదలుపెట్టినచో బట్ట ఒకవైపునకు లాగుకొని అలలు తేరును. కావున మొదట నాలుగు బద్దల నడుమ ఒక్కొక్క మేకు కొట్టి, పిమ్మట ఇటొకటి, దానికి ఎదురుగా అటొకటి వేయుచు, నడుమనుండి మూలలకు పోవలెను. మేకుల మధ్య రెండంగుళముల ఎడము చాలును. మూలలయందు బట్టను కోయక మడిచి కొట్టవలెను. కోరాబట్ట తడిసినపుడు కుంచించుకొని పోవును. అందుచేత పూతకు ముందే మితిమీరి బిగించినచో చట్రమే వంగును.

తరువాతిది పూత. పూర్వపద్ధతిలో జంతుచర్మపు జిగురును రాత్రి నీట నానవేసి, వేడినీటి పాత్రలో నుంచి కరగించి, పలుచగా పూసెడివారు. ఆ జిగురు మరగినచో పట్టు తగ్గును. అదియును గాక గాలిలోని తేమను పీల్చి బూజుపట్టును. కోస్తా జిల్లాలవంటి తేమ ప్రదేశములకు నేడు దొరకు ఆక్రిలిక్ జెస్సో అనుకూలము. దీనికి క్రింద చర్మపుజిగురు పూయనక్కరలేదు. ఒకే మందపు పూతకు బదులు రెండు మూడు పలుచని పూతలు వేసి, నడుమ ఉప్పుకాగితముతో తేలికగా రుద్దవలెను. పూతలన్నియు పూర్తిగా ఆరిన పిదప వ్రేలితో తట్టినచో కాన్వాసు డప్పువలె మ్రోగవలెను.

ఋతువులు మారినపుడు బట్ట వదులగుటయు, బిగియుటయు సహజము. పెద్ద చిత్రములకు మూలలను అతికింపక, లోపలివైపు చిన్న చీలలు దిగుటకు సందు విడిచినచో, వదులైనపుడు వానిని మెల్లగా తట్టి తిరిగి బిగింపవచ్చును. చిత్రమును తడిగోడకు ఆనించి ఉంచరాదు.

కడపట మరియొక చిన్నపని కలదు. చట్రపు వెనుక కర్రపై పెన్సిలుతో తేదీని, బట్ట రకమును, పూత వివరములను వ్రాసియుంచుడు. ముందు తరములలో ఆ చిత్రమును బాగుచేయ పూనుకొనువారు మొదట చూడగోరునది ఆ వెనుకవైపే.